బీజాపూర్ రోడ్డు విస్తరణ: పర్యావరణ పరిశీలన ముందే ఎందుకు జరగలేదు?

మొయినాబాద్ ప్రయాణికుడు (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. హైదరాబాద్ శివార్లలోని అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా, జాతీయ రహదారి 163లో భాగమైన దాదాపు 46 కిలోమీటర్ల రోడ్డు మీద పద్నాలుగేళ్లుగా రోజూ ప్రయాణం చేస్తున్నాను. మా పెద్దలు ఇప్పటికీ దీన్ని బీజాపూర్ రోడ్డు అనే పిలుస్తారు. నిజాం కాలంలో నాటిన మర్రి చెట్లు దీనికి రెండు పక్కలా తొమ్మిది వందల దాకా ఉన్నాయి. రోడ్డును నాలుగు వరుసలు చేయాలన్న నిర్ణయం వెలువడ్డాక చెట్ల కోసం కొందరు జాతీయ హరిత ట్రైబ్యునల్‌ను ఆశ్రయించారు. చెట్లు కొట్టడం ఆగింది, పర్యావరణ ప్రభావ అధ్యయనం చేయమన్న ఆదేశం వచ్చింది, చివరికి 2025 అక్టోబరు ఆఖరులో, చెట్లలో అధిక భాగాన్ని ఉన్నచోటనే ఉంచి రోడ్డు వేసేలా డిజైన్ మార్చడంతో వివాదం ముగిసింది.

అది ముగిసిన కొద్ది రోజులకే, నవంబరు 3న తెల్లవారుజామున, తాండూరు నుంచి హైదరాబాద్‌కు వస్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ వద్ద కంకర లారీ ఢీకొని 19 మంది చనిపోయారు. ఆ దారిన అదే వేళకు నేనూ ఎన్నోసార్లు బస్సులో వెళ్లాను. ఆ వారమంతా మా ఊళ్లో ఏ ఇంట విన్నా ఒకటే మాట: చెట్ల కోసం కేసు వేయకపోయి ఉంటే రోడ్డు ఎప్పుడో పూర్తయ్యేది, ఆ ప్రాణాలు దక్కేవి. ఆప్తులను పోగొట్టుకున్న వాళ్లు ఆ మాట అంటే ఎదురు చెప్పడానికి నాకు నోరు రాదు. కానీ చెట్లు ఉండటం వల్లనే రోడ్డు ఆలస్యమైందా, లేక మొదట చేయవలసిన పరిశీలన చేయకుండా రోడ్డు గీత గీసినందువల్ల ఆలస్యమైందా అన్నది తేల్చుకోవాలని ఉంది.

నా ప్రశ్నలు మూడు. ఇంత పెద్ద విస్తరణకు చట్టప్రకారం పర్యావరణ అనుమతి ఎందుకు అవసరం కాలేదు? చెట్లను ఉంచి సురక్షితమైన రోడ్డు వేయడం ఇంజనీరింగ్ రీత్యా సాధ్యమేనా, లేక అది కోర్టు కోసం చేసిన సర్దుబాటా? మా పక్క ఊళ్లకు ఇలాంటి విస్తరణ వస్తే, మామూలు పౌరుడు ఏ దశలో, ఎవరి దగ్గర, ఏమి అడగాలి? ఈ విషయాలు తెలిసిన పెద్దలు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పర్యావరణ చట్టాల విద్యార్థిని (జవాబు):

మొదటి ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ నాకు తెలిసినంతలో చెబుతాను.

పర్యావరణ అనుమతి ఏ ప్రాజెక్టుకు కావాలో నిర్ణయించేది 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్. రహదారులు అందులో 7(ఎఫ్) అనే పద్దు కింద వస్తాయి. మొదట్లో, 30 కిలోమీటర్లు మించిన జాతీయ రహదారి విస్తరణకు 20 మీటర్లకు మించి అదనపు వెడల్పు కోసం భూమి సేకరించవలసి వస్తే ఆ ప్రాజెక్టు ఈ వలలో పడేది. 2013 ఆగస్టు 22న ఆ హద్దును పెంచారు. ఇప్పుడు విస్తరణ పొడవు 100 కిలోమీటర్లు మించాలి, పైగా ఉన్న రోడ్డు వెంట అయితే 40 మీటర్లకు మించి, బైపాస్‌లు, కొత్త మలుపుల దగ్గర అయితే 60 మీటర్లకు మించి అదనపు స్థలం తీసుకోవాలి. మీ రోడ్డు 46 కిలోమీటర్లు. వెడల్పు దాకా వెళ్లనవసరం లేకుండా పొడవు దగ్గరే అది పరిధి నుంచి బయటపడింది.

నన్ను ఎక్కువ బాధించేది ఇక్కడే ఉంది. అడవి మధ్యలో, ఊరి మధ్యలో, జలాశయం ఎగువన, ఎక్కడ వేసినా 99 కిలోమీటర్ల విస్తరణ చట్టం దృష్టిలో ఒకటే. మీ రోడ్డు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పరీవాహక ప్రాంతం గుండా వెళ్తుంది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఆ రెండు చెరువులను కాపాడటానికే 1996 మార్చి 8న 111 జీవో తెచ్చి, 84 గ్రామాల్లో నిర్మాణాలకు పరిమితులు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ పరిమితులను ఎత్తేశారు. ఈ రెండు విషయాలనూ, అంటే వెడల్పైన రోడ్డునూ సడలిన భూవినియోగ నియమాలనూ కలిపి చూసినప్పుడు వచ్చే పదిహేనేళ్లలో ఆ మండలాలు ఎలా మారతాయో లెక్క కట్టమని విస్తరణ దశలో ఎవరినీ అడిగే నియమం లేదు. ట్రైబ్యునల్ అధ్యయనం చేయమన్నది గనుక జరిగింది గాని, లేకపోతే ఆ చర్చ కాగితం మీదికి వచ్చేదే కాదు.

పర్యావరణ అనుమతి అవసరమైన ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది. కలెక్టరు లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షత వహిస్తారు, 30 రోజుల ముందే పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, సభను వీడియో తీయాలి. అనుమతే అవసరం లేనప్పుడు ఆ సభ కూడా ఉండదు. 2013 భూసేకరణ చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా కూడా జాతీయ రహదారులకు వర్తించదు. ఆ చట్టం నాలుగో షెడ్యూలులో 1956 నాటి జాతీయ రహదారుల చట్టాన్ని చేర్చి మినహాయింపు ఇచ్చారు. నష్టపరిహారం, పునరావాసం లెక్కలు మాత్రం 2015 జనవరి 1 నుంచి కొత్త చట్టం ప్రకారమే జరుగుతున్నాయి.

ఇక పౌరుడికి మిగిలిన తలుపులు. ఆ జాతీయ రహదారుల చట్టం కింద భూమి కావాలని 3ఏ నోటిఫికేషన్ వెలువడితే, 3సీ సెక్షన్ కింద 21 రోజుల్లో లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు. కానీ అది భూమి మీద హక్కు ఉన్నవారికే, అప్పటికి గీత కూడా ఖరారై ఉంటుంది. 3డీ ప్రకటన వెలువడిన క్షణం నుంచి భూమి ప్రభుత్వానిది. చెట్లు కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలి. ఆ దరఖాస్తు ప్రతిని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లాలంటే వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి ఆరు నెలల గడువు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. చాలామంది గొడ్డలి పడ్డాక మేలుకుంటారు, అప్పటికి గడువు దాటి ఉంటుంది. కాబట్టి అడగవలసిన సమయం డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) తయారవుతున్నప్పుడే. కన్సల్టెంటు ఏయే అలైన్‌మెంట్‌లు (రోడ్డు వెళ్లే గీతలు) పోల్చాడు, వేటిని ఎందుకు కాదన్నాడు అన్న అధ్యాయాన్ని ఆ దశలోనే సమాచార హక్కు కింద కోరండి.

మరొక్క విషయం. రోడ్డు కట్టకు వాడే మట్టిని ఎక్కడి నుంచి తెస్తున్నారో కూడా అడగండి. రోడ్లు, పైపులైన్ల వంటి పనులకు మామూలు మట్టి తవ్వుకోవడానికి పర్యావరణ అనుమతి అక్కర్లేదని 2020 మార్చిలో ఇచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 2024 మార్చి 21న కొట్టివేసింది. మీ చుట్టుపక్కల గుట్టలకు ఆ తీర్పు చాలా ముఖ్యం.

విశ్రాంత రహదారి ఇంజనీరు (జవాబు):

రెండో ప్రశ్న నాది. ముప్ఫై ఏళ్లకు పైగా రోడ్ల మీదే గడిపాను గనుక కొంచెం విస్తారంగా రాస్తాను, మన్నించండి.

రెండు వరుసల రోడ్డును నాలుగు వరుసలు చేయడానికి రెండు దారులున్నాయి. పాత రోడ్డు నడిగీతను అలాగే ఉంచి రెండు పక్కలకూ సమానంగా పెంచడం ఒకటి. పాత రోడ్డును ఒక దిశకు వదిలేసి, చెట్ల వరుసకు అవతల కొత్తగా రెండు వరుసలు వేసి రెండో దిశకు ఇవ్వడం మరొకటి. మొదటి పద్ధతిలో రెండు పక్కల చెట్లూ పోతాయి. రెండో పద్ధతిలో ఒక చెట్ల వరుస రెండు రోడ్ల మధ్య డివైడరుగా మిగులుతుంది, రెండో వరుస అంచున మిగులుతుంది. రెండోది కొత్తగా కనిపెట్టింది కాదు, మేము ఉద్యోగంలో చేరేనాటికే తెలిసిన పద్ధతి. మరి మొదటిదే ఎందుకు ఎక్కువగా గీస్తారంటే, ప్రభుత్వ స్థలం సాధారణంగా పాత రోడ్డుకు రెండు పక్కలా సమానంగా ఉంటుంది, అందులోనే ఇమిడ్చితే భూసేకరణ తగ్గుతుంది. పైగా నకలు చేయడం తేలిక: ఒక అడ్డుకోత (రోడ్డును అడ్డంగా కోసి చూపే పటం) గీసి 46 కిలోమీటర్ల పొడవునా దాన్నే అంటించేయవచ్చు. చెట్టు చెట్టుకూ గీత కదపాలంటే ప్రతి 50 మీటర్లకూ సర్వే కావాలి, ఎండలో తిరిగే మనుషులు కావాలి.

మర్రి చెట్టు లెక్కలో ఒక చిక్కుంది. చెట్ల జాబితా తయారుచేసేటప్పుడు బెరడు మీద రంగు పూసి అంకె వేస్తారు, ఛాతీ ఎత్తున టేపు చుట్టి చుట్టుకొలత రాస్తారు. వేపకూ తుమ్మకూ అది చాలు. మర్రికి చాలదు. ఊడలు నేలలో దిగి మొదళ్లుగా మారాక ఏది చెట్టు, ఏది ఊడ? మొదటి కాండం ఒక్కటే కొలిచి, ముప్ఫై అడుగుల అవతల నేలకు దిగిన ఊడను లెక్కలోకి తీసుకోకపోతే, ‘చెట్టును వదిలేశాం’ అని రాస్తూనే దాని సగం వేళ్ల మీద రోడ్డు వేసేస్తారు. నేను పనిచేసిన ఒక రోడ్డు మీద సరిగ్గా ఇదే జరిగింది. కాగితం మీద ఆ చెట్టు బతికింది. కొమ్మల నీడ పడినంత మేరా మూడు అడుగుల లోతు తవ్వి, మొరం పోసి, రోలరుతో తొక్కించారు. రెండో వేసవికి ఆకులన్నీ రాల్చి నిలబడింది, మళ్లీ చిగురించలేదు. ఆ పని నా పర్యవేక్షణలోనే జరిగింది, ఇప్పటికీ ఆ మోడు నా కళ్ల ముందు మెదులుతుంది.

అందుకే మారిన డిజైన్‌లో మీరు చూడవలసింది చెట్ల సంఖ్య కాదు. కొమ్మలు విస్తరించిన మేర తవ్వకం ఎంత, రోడ్డు పక్క కాలువ ఎటు పోతోంది, మట్టి కట్ట ఎత్తు ఎంత, చెట్టు మొదట్లో మట్టి పోస్తున్నారా అన్నవి చూడండి. తరలించే చెట్లయితే కొమ్మలు కొట్టిన కోతలకు మందు రాశారా, వేరుముద్ద చుట్టూ ఎంత మట్టితో లేపారు, నాటిన చోట రెండు మూడు వేసవులు నీళ్లు పోసే బాధ్యత కాంట్రాక్టులో ఎవరి పేరున రాశారు అన్నవి చూడండి. నీళ్ల పద్దు లేని తరలింపు చెట్టును మరో చోట చంపడమే.

ఇక ప్రమాదాల సంగతి. చెట్టు రోడ్డు అంచున ఉంటే అది ప్రమాదమే, అందులో సందేహం లేదు. వేగంగా వచ్చిన వాహనం దాన్ని గుద్దుకుంటే ప్రాణాలు దక్కవు. కానీ రెండు వరుసల రోడ్డు మీద ఎక్కువ ప్రాణాలు తీసేది ఎదురెదురుగా ఢీకొనడం. రెండు దిశలనూ విడదీస్తే అది పోతుంది. ఆ విడదీసే చోట చెట్ల వరుస ఉండి, దానికి ఇరువైపులా ఇనుప రక్షణ పట్టీలు ఉంటే, మీరు కోరుకునే భద్రతా దొరుకుతుంది, చెట్లూ ఉంటాయి. విస్తరణ పూర్తయ్యే లోపల చేయగలిగినవి ఇంకా ఉన్నాయి. తారు అంచుకూ మట్టి అంచుకూ మధ్య పడిన మెట్టును పూడ్చడం, మలుపుల దగ్గర మెరిసే పలకలు, చెట్ల మొదళ్లకు మెరుపు పట్టీలు, కంకర లారీల బరువు మీదా వేగం మీదా తనిఖీ. వీటిలో దేనికీ కోర్టు ఆదేశం అవసరం లేదు, ఏ కేసూ వీటిని ఆపలేదు.

కేటీ, టెక్సస్ నుంచి (జవాబు):

నేను హ్యూస్టన్ పడమటి శివారులో ఉంటాను. ఇక్కడ మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, మేము రోజూ నగరంలోకి వెళ్లే రోడ్డు కేటీ ఫ్రీవే. దాన్ని 280 కోట్ల డాలర్ల ఖర్చుతో విస్తరించి 2008లో పూర్తిచేశారు. పక్క రోడ్లను కలిపి లెక్కిస్తే కొన్నిచోట్ల 26 వరుసలు. 2011, 2014 మధ్య సాయంత్రం రద్దీ వేళ ప్రయాణ సమయం మళ్లీ సగానికి పైగా పెరిగింది. రోడ్డు వెడల్పు కావడంతో దూరాన ఇళ్లు కట్టారు, దూరాన ఇళ్లు ఉన్నాయి గనుక మాలాంటి వాళ్లం కొనుక్కున్నాం, మా కార్లతో రోడ్డు మళ్లీ నిండింది. పై సభ్యురాలు 111 జీవో గురించి రాసింది చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. చేవెళ్ల వైపు నాలుగు వరుసలు పడ్డాక పుట్టే ప్లాట్లు ఎన్ని, వాటి నుంచి వచ్చే కార్లు ఎన్ని అన్న లెక్క లేకుండా, నాలుగు వరుసలు ఎన్నేళ్లు సరిపోతాయో ఎవరూ చెప్పలేరు.

ఇక్కడి పద్ధతి గురించి ఒక మాట. 1970 జనవరి 1న సంతకమైన జాతీయ పర్యావరణ విధాన చట్టం ప్రకారం, కేంద్రం డబ్బుతో జరిగే పెద్ద రహదారి పనికి ప్రభావ నివేదిక రాయాలి, అందులో ‘ఏమీ కట్టకపోతే ఏమవుతుంది’ అన్న ప్రత్యామ్నాయాన్ని కూడా పరిశీలించాలి. ముసాయిదాను జనం ముందు పెట్టి అభిప్రాయాలు తీసుకోవాలి, తుది నివేదికలో వాటికి జవాబు చెప్పాలి. జనాభిప్రాయానికి రాతపూర్వకంగా జవాబు చెప్పవలసి రావడం చిన్న విషయం కాదు.

అయినా దాన్ని ఆదర్శంగా చూపించి మిమ్మల్ని మభ్యపెట్టను. హ్యూస్టన్ నడిబొడ్డు గుండా వెళ్లే ఐ-45 రహదారి విస్తరణలో వెయ్యికి పైగా ఇళ్లు, మూడు వందలకు పైగా వ్యాపారాలు పోతాయని తుది నివేదికే ఒప్పుకుంది. అవి ఎక్కువగా నల్లజాతి, లాటినో కుటుంబాలు ఉండే పేటలు. టెక్సస్ రవాణా శాఖకు సమీక్షాధికారాన్ని కేంద్రం 2014లో అప్పగించింది గనుక, రోడ్డు కట్టే శాఖే నివేదికను ఆమోదించి 2021 ఫిబ్రవరిలో తుది నిర్ణయం ప్రకటించుకుంది. మార్చిలో హారిస్ కౌంటీ దావా వేసింది, పౌరహక్కుల ఫిర్యాదుల మీద కేంద్ర రహదారి సంస్థ పని ఆపమంది. 2023 మార్చిలో ఒప్పందం కుదిరి, ఇళ్లు కోల్పోయేవారికీ వరద నీటి పారుదలకూ కొన్ని హామీలు రాశాక పని మళ్లీ మొదలైంది. అంటే అన్ని దశలూ ఉన్నచోట కూడా, తాను కట్టేదాన్ని తానే సమీక్షించుకునే శాఖ చేతిలో సమీక్ష బలహీనపడుతుంది. మీ దగ్గర కన్సల్టెంటును నియమించి జీతం ఇచ్చేది ఎవరో మీరు ఒకసారి చూసుకోండి.

మొయినాబాద్ ప్రయాణికుడు (మళ్లీ):

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇంజనీరు గారూ, మీ జవాబు చదివాక ఈ ఉదయం బస్సు దిగి మా స్టాపు దగ్గరి మర్రి కింద కాసేపు నిలబడ్డాను. అంకె ఉన్న మొదలు నుంచి చివరి ఊడ దాకా అంగలు వేసి చూస్తే ఇరవై రెండు అంగలు వచ్చింది. అంకె మాత్రం మొదటి కాండం మీద ఒక్కటే ఉంది. పక్కన టీ కొట్టు ఆయన, మీ మాటలు చెబితే, ‘సారు చెప్పింది నిజమే, ఆ చివరి ఊడ నా చిన్నప్పుడు గాల్లో వేలాడేది’ అన్నాడు. ఈ ఊడలను ఇప్పుడు డిజైన్ గీసేవాళ్ల దృష్టికి తేవాలంటే ఎవరికి రాయాలి, ఏమని రాయాలి?

విశ్రాంత రహదారి ఇంజనీరు (జవాబు):

జాతీయ రహదారుల సంస్థ (ఎన్‌హెచ్‌ఏఐ) ప్రాజెక్టు అమలు విభాగంలో ప్రాజెక్టు డైరెక్టరుకు రాయండి, ప్రతులు కలెక్టరుకూ జిల్లా అటవీ అధికారికీ పంపండి. చెట్టు అంకె, కిలోమీటరు రాయి నుంచి దూరం, రోడ్డుకు ఏ పక్క, మొదలు నుంచి చివరి ఊడ వరకు నాలుగు దిక్కుల కొలతలు టేపుతో వేసి రాయండి, అంగలతో వద్దు. ఊడ నేలను తాకిన ప్రతిచోటా టేపు కనిపించేలా ఫొటో తీసి జతపరచండి. ఆ చెట్టు దగ్గర తుది డిజైన్ అడ్డుకోత ప్రతిని సమాచార హక్కు కింద వేరే దరఖాస్తుగా అడగండి. పది రూపాయల రుసుము, 30 రోజుల గడువు. రెండు కాగితాలూ ఒకే రోజు రిజిస్టర్ పోస్టులో పంపి రశీదులు దాచుకోండి. మీ స్టాపు చెట్టుతో ఆగకుండా, అప్పా జంక్షన్ వైపు మరో నాలుగైదు చెట్లను కూడా ఇలా కొలిచి పంపగలిగితే, కాలువ గీతను ఆ మేర పక్కకు జరపమని అడగడానికి వాళ్ల దగ్గరే ఆధారం ఉంటుంది. కాలువ తవ్వకం మొదలు కాకముందే పంపండి. యంత్రం వచ్చి నిలబడ్డాక గీత కదపడానికి ఏ కాంట్రాక్టరూ ఒప్పుకోడు.